అడగడం రాని హెడ్మాస్టరు

హిందూపురం దగ్గరి ఒక హైస్కూల్లో నేను రెగ్యులర్ హెడ్మాస్టరుగా చేరింది రెండువేల సంవత్సరం దాటాక. చేరిన రోజు గుమాస్తా నా బల్ల మీద తాళాలగుత్తి పెట్టాడు, స్టాంపు ప్యాడు పెట్టాడు, చివరగా అట్ట కూడా నలగని కొత్త సర్క్యులర్ బుక్కు తెచ్చిపెట్టాడు. "మొదటి సర్క్యులర్ ఏం రాస్తారు సార్?" అన్నాడు పెన్ను మూత తీసి అందిస్తూ. బుక్కు బీరువాలో పెట్టమన్నాను. అతను నన్ను అదోలా చూశాడు. కొత్త హెడ్మాస్టరంటే మొదటి రోజే నాలుగు ఆర్డర్లు రాసి తానేమిటో చూపించుకోవాలని అతని అనుభవం. నాకూ ఒకప్పుడు ఆ నమ్మకమే ఉండేది. దాని పుణ్యమా అని ఒక పదో తరగతి మొత్తం లెక్కల టీచరు లేకుండా పోయేదే. ఆ సంగతి చెప్పాలంటే ఐదారేళ్ళు వెనక్కి, పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ రైలుకట్ట పక్కనున్న ఒక ఊరి బడికి పోవాలి.

సర్క్యులర్ బుక్కంటే పెద్ద విషయమేం కాదు. పొడుగాటి రూళ్ళ పుస్తకం. హెడ్మాస్టరు అందులో ఏదైనా ఆదేశం రాస్తే అటెండరు దాన్ని చంకలో పెట్టుకొని తరగతి తరగతికీ తిరుగుతాడు. టీచర్లు చదివి, తమ పేరుకు ఎదురుగా సంతకం పెడతారు. పెట్టారంటే చూశామని, ఒప్పుకున్నామని అర్థం. పేజీలకు ముందే నంబర్లు వేసి, ఇన్ని పేజీలున్నాయని మొదటి పేజీలో హెడ్మాస్టరు ధ్రువీకరిస్తాడు. ఒక్క కాగితం చింపినా తనిఖీలో దొరికిపోతాడు.

నాకు ఆ పుస్తకంతో పని ఎందుకు పడిందో చెప్పాలంటే ముందు నా స్వభావం చెప్పుకోవాలి. నేను ఎవరినీ ఏదీ అడగలేను. క్లాసులో గంటసేపు పాఠం చెప్పమంటే చెప్తాను, నలుగురిలోకి పోయి "ఇది చేసిపెడతారా" అనమంటే మాత్రం నాలుక పిడచకట్టుకుపోతుంది. బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వడం మరిచిపోతే దిగి ఇంటికి వచ్చేసే రకం. ఇంట్లో ఇంకొంచెం చారు కావాలన్నా గిన్నె వైపు చూస్తానే తప్ప నోరు తెరవనని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంది. దీన్ని చూసి కొందరు నన్ను మంచివాడన్నారు, ఎక్కువమంది పొగరుబోతన్నారు. మంచివాణ్ణన్న మాటే నేను నమ్మాను. ఎవరికి మాత్రం చేదు?

అట్లాంటివాడికి హెడ్మాస్టరు కావాలని కోరిక! అకౌంట్ టెస్టు రాశాను, తక్కిన డిపార్ట్‌మెంటు పరీక్షలన్నీ రాశాను, అన్నీ మొదటిసారే పాసయ్యాను. ఆ పరీక్షల్లో సెలవు నిబంధనలు అడిగారు, ప్రయాణ భత్యం నిబంధనలు అడిగారు. పక్కగదిలోకి పోయి సాటి మనిషిని ఒక మాట సాయం ఎట్లా అడగాలి అన్న ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. వచ్చి ఉంటే అక్కడే తప్పేవాణ్ణి.

నేను టీచరుగా ఉండగా ఆ ఊరి బడికి హెడ్మాస్టరుగా ఉన్నాయన నాకు పూర్తిగా తలకిందులు. పొద్దున గంట కొట్టాక టీ గ్లాసు చేత్తో పట్టుకొని వరండా అంతా ఒక చుట్టు తిరిగేవాడు. ఒక గుమ్మం దగ్గర "ఏమబ్బా, నీ కొడుక్కి జరం తగ్గిందా?" అనేవాడు. ఇంకో గుమ్మం దగ్గర "మూడో పీరియడ్ ఆ ఎనిమిదో తరగతి కొంచెం చూసుకోప్పా, హిందీ సారు రాలా" అనేవాడు. అందరూ చూసుకునేవాళ్ళు. ఆయన టైములో సర్క్యులర్ బుక్కులో సెలవుల ప్రకటనలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇదేం పరిపాలన, ఇది బడా రచ్చబండా అని నేను లోలోపల విసుక్కునేవాణ్ణి. నా చేతికి వస్తే చూపిస్తాను అనుకునేవాణ్ణి.

ఒక జూన్‌లో ఆయన రిటైరయ్యాడు. సీనియారిటీ ప్రకారం ఇంచార్జి బాధ్యత నాకే వచ్చింది. రెగ్యులర్ హెడ్మాస్టరు వచ్చేదాకా అన్నారు గానీ ఆ ఏడాదంతా ఎవరూ రారని అందరికీ తెలుసు. ఈ ఏడాది బాగా చేసి చూపిస్తే నేను ఈ పనికి పనికొస్తానని నాకు నేను రుజువు చేసుకోవచ్చు. నాకు ఆ రుజువు చాలా అవసరంగా ఉండేది.

మొదటి నెల, ఎవరైనా సెలవు పెడితే ఆ పీరియడ్ చూసుకోమని ఇంకొకరిని అడగలేక, నేనే వెళ్ళి కూర్చునేవాణ్ణి. రోజుకు ఆరు పీరియడ్లు చెప్పి, మిగిలిన టైములో ఆఫీసు పని చేసి, స్కూటరు మీద పెనుకొండ చేరేసరికి మాట పెగిలేది కాదు. టీచర్లలో చాలామంది పాసింజరు బండికి వచ్చేవాళ్ళు, నేను మాత్రం స్కూటరు మీదే. రైల్లో అయితే పదిమందితో మాట్లాడాలి కదా.

రెండో నెలలో బీరువా సర్దుతుంటే ఆ సర్క్యులర్ బుక్కు కనిపించింది. నా ప్రాణం లేచివచ్చింది. అడగాల్సిన పని లేదు, రాస్తే చాలు! నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు. మూడో పీరియడ్ ఫలానావారు తీసుకొనవలెను. రికార్డులు సాయంత్రంలోగా సమర్పించవలెను. తోటలో నీళ్ళు పట్టించవలెను. రోజుకొకటి, ఒక్కోరోజు మూడు. ఆఫీసుకూ స్టాఫ్ రూముకూ మధ్య అడ్డం ఒక్క గోడే. అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది. అయినా అటెండరు ఆ గోడ చుట్టూ తిరిగి పుస్తకం మోసుకెళ్ళి, సంతకాలతో తెచ్చిపెట్టేవాడు.

అటెండరు నాకంటే పెద్దవాడు. ఆదివారం చర్చిలో వేసుకునే తెల్లచొక్కానే సోమవారం కూడా వేసుకొచ్చే నిదానమైన మనిషి. ఒకరోజు పుస్తకం అందుకుంటూ, "ఇంతమాత్రం మీరే ఒక మాట చెప్పకూడదా సార్, ఆడనే ఉండారు కదా అందరూ" అన్నాడు. "రికార్డుగా ఉంటుంది" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

పనులన్నీ జరుగుతున్నాయి. కాకపోతే రాసినంతవరకే జరుగుతున్నాయి. తోటలో నీళ్ళు పట్టించమంటే పట్టించారు, కుళాయి కట్టేయమని రాయలేదు కాబట్టి కట్టేయలేదు. నేను స్టాఫ్ రూములోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. మధ్యాహ్నం టీ అందరికీ కలిపి వచ్చేది, నా గ్లాసు విడిగా ఆఫీసుకు పంపేవాళ్ళు. దాన్ని నేను మర్యాద అనుకున్నాను.

మా బడిలో ఒకరే లెక్కల టీచరు. ఆమె హిందూపురం నుంచి పాసింజరు బండికి వచ్చేది. నలభై దాటిన మనిషి, సన్నగా, గబగబా నడిచేది. మాట కూడా నడకలాగే, చెప్పాల్సింది చెప్పి అక్కడికి ఆపేది. సాయంత్రం గంట కొట్టాక పదో తరగతిని ఇంకో గంటసేపు కూర్చోబెట్టి లెక్కలు చేయించి, ఆరుగంటల బండికి పరుగెత్తేది. అట్లా చేయమని ఎవరూ ఆమెకు రాసివ్వలేదు. ఆ ఏడు పదో తరగతిలో నలభైమంది. అందులో ఎక్కువమంది ఇళ్ళలో పదో తరగతి దాకా వచ్చిందే వాళ్ళు మొదటిసారి. లెక్కల్లో తప్పితే మొగపిల్లలు గొర్రెల వెనక పోతారు, ఆడపిల్లలకు పెళ్ళి చేసేస్తారు. ఇది అందరికీ తెలిసిన సంగతే.

నవంబరులో నేను ఆఫీసు కిటికీలోంచి ఒకటి గమనించాను. రైలు ఎనిమిదిన్నరకే వస్తుంది. స్టేషన్ నుంచి బడికి పావుగంట నడక. తక్కిన రైలు టీచర్లంతా తొమ్మిదికే వచ్చి కూర్చుంటారు. లెక్కల మేడం మాత్రం ప్రార్థన అయిపోయాక, అందరూ తరగతుల్లోకి పోయాక, చెప్పుల నిండా ఎర్రమట్టితో గేటులోంచి వస్తోంది. ఒకరోజు కాదు, నాలుగు రోజులు. నేను ఒక చీటీ మీద తేదీలు వేసుకున్నాను. ఆమెను పిలిచి "ఎందుకు ఆలస్యమైంది మేడం?" అని అడిగితే సరిపోయే పని. ఆ మూడు మాటలు నా నోట్లోంచి రాలేదు. రాకపోవడంతో కోపమొచ్చింది. నోరులేనివాడి కోపం పెన్నులోంచి వస్తుంది కాబోలు, అప్పటికప్పుడు పుస్తకం తెరిచి రాశాను: "గణిత ఉపాధ్యాయిని ఈ మాసమున నాలుగు దినములు ప్రార్థనకు హాజరు కాలేదు. ఇట్టిది పునరావృతమైనచో తగు చర్య తీసుకొనబడును." కింద అందరి పేర్లూ వేశాను, అందరూ చదవాలని.

అటెండరు నిలబడి నేను రాసిందంతా చదివాడు. "ఇది ఆయమ్మకి ఒక్కదానికే చూపించి వస్తాను సార్" అన్నాడు. "అందరికీ చూపించాలి" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు. నేను తల వంచుకొని ఇంకో కాగితం చూస్తున్నట్టు నటించాను. అది నాకు బాగా వచ్చిన విద్య.

గంట తర్వాత పుస్తకం తిరిగొచ్చింది. అందరి సంతకాలూ ఉన్నాయి. లెక్కల మేడం పేరుకు ఎదురుగా మాత్రం ఖాళీ. "చదివింది సార్. చదివి పుస్తకం మూసి నా చేతికిచ్చింది" అన్నాడు అటెండరు.

మర్నాటి నుంచి ఆమె తొమ్మిదికే బడిలో ఉండేది. ప్రార్థనలో అందరికంటే ముందు నిలబడేది. సాయంత్రం గంట కొట్టగానే సంచి భుజాన వేసుకొని వెళ్ళిపోయేది. పదో తరగతి పిల్లలు కాసేపు అక్కడక్కడే తచ్చాడి, తర్వాత ఇళ్ళకు పోయేవాళ్ళు. క్రమశిక్షణ అలవడింది కదా అని సంతోషించాల్సిన నేను, ఆ ఖాళీ గది ముందు నుంచి పోవాల్సి వస్తే వరండా దిగి ఎండలో చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

పదిరోజులకు ఆమె ఆఫీసులోకి వచ్చి ఒక దరఖాస్తు బల్ల మీద పెట్టింది. హిందూపురం పక్క ఊళ్ళో పనిచేసే ఒక టీచరుతో పరస్పర బదిలీ. ఆయన చెప్పేది లెక్కలు కాదని తర్వాత తెలిసింది, కాగితాల మీద మాత్రం ఇద్దరిదీ ఒకే రకం పోస్టు. "మీరు ఫార్వర్డ్ చేస్తే నేనే అనంతపురం జిల్లా ఆఫీసుకు పోయి ఇచ్చుకుంటా సార్. సోమవారం తీసుకుంటా" అంది. నేను "సరే" అన్నాను. ఉండండి మేడం అనాలని నా గుండె కొట్టుకుంటూనే ఉంది. మార్చిలో పిల్లల పరీక్షలున్నాయి, ఈ నాలుగు నెలలు ఉండండి, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంతా లోపల ఉండి బయటికి వచ్చింది "సరే" ఒక్కటే. దరఖాస్తు సొరుగులో పెట్టుకున్నాను.

ఇది గురువారం సంగతి. శనివారం పొద్దున ఆఫీసు గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. కొంగు నిండా శెనక్కాయల దుమ్ము. పదో తరగతి చదివే ఒక అమ్మాయి తల్లి ఆమె. ఊరవతల గొర్రెల దొడ్ల దగ్గర ఉంటారు.

"లెక్కల మేడం ఊళ్ళో లేదా సారూ?" అంది.

"ఉంది. ఎందుకు?"

"మరి ఈ మధ్య మా ఇంటి కాడికి రాలేదే! ముందర నాలుగు దినాలు రైలు దిగి నేరుగా మా దొడ్డి కాడికి వచ్చాండె. ఆయమ్మొచ్చి నిలబడి 'పంపమ్మా, ఈ నాలుగు నెల్లు పంపమ్మా' అని అడిగితే, ఎట్ల కాదంటాము? పాపను ఎంటబెట్టుకొని పోతాండె. ఇంగా రెండిండ్లకి పోతాండె. ఇప్పుడు పిలిచేవాళ్ళు లేరు. కాయలు వొలిచేకి రమ్మని వాళ్ళ నాయన పిలుచుకొని పోతాండాడు. ఇంగ సదివించేది వద్దనుకున్నారేమో కనుక్కొని పోదామని వచ్చినా."

ఆ నాలుగు తేదీలు నా కళ్ళ ముందు తిరిగాయి. చెప్పులకు అంటిన ఎర్రమట్టి ఏ దోవదో అప్పుడు తెలిసింది. ఆ తల్లి నా ముఖం చూసి, నేనేమీ పలకకపోవడం చూసి, "సరే సారూ, పోయొస్తా" అని తిరిగి వెళ్ళిపోయింది. ఆమెను కూడా ఆపలేకపోయాను.

అటెండరు స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. "నీకు తెలుసా?" అన్నాను.

"ఊరందరికీ తెలుసు సార్. మీకూ తెలుసనే అనుకున్నాము. తెలిసీ రాసినారని అందరికీ కోపం" అన్నాడు. "ఆ పుస్తకం మోసింది నేను కదా సార్. ఆ పొద్దు సిగ్గయింది నాకు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం పదో తరగతి గుమ్మం దాకా రెండుసార్లు పోయాను. లోపల మేడం బోర్డు మీద రాస్తోంది. వెనక బెంచీలో మూడు చోట్లు ఖాళీగా ఉన్నాయి. రెండుసార్లూ గోడ మీది సున్నం చూసి వెనక్కి వచ్చేశాను.

ఆదివారం ధర్మవరం పోయాను, మా నాయన దగ్గరికి. మా ఇంట్లో తరతరాలుగా పట్టుచీరలు నేస్తారు. నాయనకు డెబ్బై దాటినా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటేనే ఆయనకు తిన్నది అరుగుతుంది. ఆయన కూడా నాలాగే మాట పొదుపు మనిషి. నా మౌనం ఆయన ఇచ్చిన ఆస్తే అనుకునేవాణ్ణి. ఆరోజు మగ్గం పక్కన కూర్చొని జరిగిందంతా చెప్పుకున్నాను. మనుషుల మీద కొంత, నా రాత మీద కొంత నేరం వేసి చెప్పాను. ఆయన తెగిన పోగు ఒకటి అతుక్కుంటూ అంతా విని, తల ఎత్తకుండా అన్నాడు:

"ఏమప్పా, ఇంగా చీట్లే పెడతాండావా నువ్వు?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ చీటీల సంగతి నేను మరిచిపోయి ముప్పై ఏళ్ళయింది.

మా వీధిలో పడుగు చాచడం ఒకరితో అయ్యే పని కాదు. చీరకు నిలువుగా పోయే పోగులన్నీ వీధి పొడుగునా చాచి, ఎండ రాకముందే సరిచేసి చుట్టాలి. ఏడెనిమిది మంది చేతులు కావాలి. కూలికి ఎవరూ రారు. ఈరోజు వాళ్ళు మనకు, రేపు మనం వాళ్ళకు. దానికొక పద్ధతి ఉంది. ముందురోజు సాయంత్రం ఇంటి పెద్ద తానే ఇల్లిల్లూ తిరిగి, గుమ్మంలో నిలబడి "రేపు పడుగు ఉండాది, ఒక చెయ్యి వేయాలబ్బా" అని అడగాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మా వీధి ఎందుకు పెడుతుంది?

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి నాయనకు జ్వరమొచ్చి, ఆ పని నాకు చెప్పాడు. మొదటి ఇంటి గుమ్మంలోనే నా నోరు పడిపోయింది. లోపల వాళ్ళు అన్నాలు తింటున్నారు. వెనక్కి వచ్చి, నోట్‌బుక్కులోంచి కాగితం చింపి, ఏడు చీటీలు రాశాను. "రేపు ఉదయము మా ఇంట పడుగు కలదు. తప్పక రావలెను." చక్కటి చేతిరాత. తలుపుల సందుల్లోంచి లోపలికి తోసి, అందరికీ చెప్పానని నాయనతో అబద్ధమాడాను. తెల్లారి ఒక్కరూ రాలేదు. ఏడిళ్ళలో నాలుగిళ్ళ వాళ్ళకు చదువు రాదు. చదువొచ్చిన మూడిళ్ళ వాళ్ళు "రావలెనంట! మేమేమన్నా వీళ్ళింటి జీతగాళ్ళమా?" అన్నారు. నాయన దుప్పటి కప్పుకొని, ఒళ్ళు కాలిపోతూ ఒక్కో గుమ్మానికి పోయి నిలబడి అడిగాడు. అందరూ వచ్చారు, కానీ అప్పటికే ఎండెక్కింది. ఆ పడుగు సగం చెడింది. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆయనకు కూడా అడగడం కష్టమేనని, ప్రతిసారీ ఆ గుమ్మాల ముందు గొంతు సవరించుకొని సవరించుకొని అడుగుతాడని ఆరోజు చూశాను. చూసి కూడా నేర్చుకోలేదు.

"నీకూ కష్టంగానే ఉండేది కదా నాయనా?" అన్నాను.

"ఇప్పటికీ కష్టమే. కష్టమని ఊరుకుంటే పడుగు అవుతుందా?" అన్నాడు. అంతే, మళ్ళీ పోగుల్లో పడిపోయాడు.

సోమవారం ప్రార్థన అయ్యాక ఆఫీసులో కూర్చొని సర్క్యులర్ బుక్కు తీశాను. ఆ పేజీ చింపేయాలనిపించింది, చింపితే నంబరు తప్పి తనిఖీలో దొరుకుతాను. కొట్టేయాలనిపించింది, కొట్టేస్తే చదివినవాళ్ళ మనసులోంచి పోతుందా? ఆ మెమో కిందనే రాశాను: "పై మెమో విచారించకుండా రాశాను. తప్పు నాది. ఆ నాలుగు రోజులూ లెక్కల మేడం బడికి రాని మన పిల్లలను ఇళ్ళకు పోయి పిలుచుకొని వచ్చారు." నా జీవితంలో "వలెను" లేకుండా రాసిన మొదటి సర్క్యులర్ అదే. కింద మళ్ళీ అందరి పేర్లూ వేశాను.

అటెండరు అలవాటుగా చెయ్యి చాచాడు. "నేనే తీసుకుపోతాను" అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకొని తన స్టూలు మీద కూర్చున్నాడు. నేను వరండా చివరి మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూ ఉన్నాడని నా వీపుకు తెలుస్తూనే ఉంది.

ఆరో తరగతి, ఏడో తరగతి, ఎనిమిది. ప్రతి గుమ్మంలోనూ "ఒక్క నిమిషం సార్, ఇది చదవండి" అనాలి. మొదటి గుమ్మంలో అది గొణుగుడుగా వచ్చింది. హిందీ సారు చదివి, నా వైపు చూసి, సంతకం పెట్టి, "కూర్చోండి సార్, నీళ్ళు తాగుతారా?" అన్నాడు. ఐదు నెలల్లో అతను నాతో అన్న మొదటి అదనపు మాట అది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఛీ ఛీ, పిల్లలు చూస్తారని గబగబా బయటపడ్డాను.

పదో తరగతి ఆఖరున. మేడం నన్ను చూసి సుద్దముక్క పెట్టేసి గుమ్మంలోకి వచ్చింది. దరఖాస్తు తెచ్చాననుకుంది కాబోలు. పుస్తకం చేతికిచ్చాను. ఆమె నిలబడి చదువుతుంటే నేను గొంతు సవరించుకున్నాను. మా నాయన లాగే.

"మేడం, నేను అడగకుండా రాశాను. నాకు అడగడం రాదు. ఇప్పుడు అడగడానికే వచ్చాను. మార్చి దాకా ఉండండి. ఆ తర్వాత మీ దరఖాస్తు నేనే అనంతపురం తీసుకుపోయి ఇచ్చి వస్తాను."

మేడం పై మెమో నుంచి మొదలుపెట్టి అంతా మళ్ళీ చదివింది. తర్వాత చెయ్యి చాచింది, పెన్ను ఇచ్చాను. కొత్తగా రాసినదాని కింద ఆమె సంతకం పెట్టలేదు. పైన, మెమోలో, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న తన పేరుకు ఎదురుగా పెట్టింది. పుస్తకం నాకిస్తూ, "కింద రాసింది నాకు కాదు కదా సార్, తక్కిన టీచర్లకి" అంది.

"ఆ ముగ్గురు పిల్లల ఇళ్ళకు రేపు నేనూ వస్తాను" అన్నాను.

"వచ్చి?"

"మీతో నిలబడతాను."

"నిలబడేకి నేనుండా కదా సార్" అంది ఆమె. "మీరు అడగాల."

ఆ దరఖాస్తు మార్చి తర్వాత నేనే తీసుకుపోయి ఇచ్చాను. జూన్‌లో ఆమె హిందూపురం పక్కకు వెళ్ళిపోయింది. మరుసటి ఏడు తనిఖీకి వచ్చిన అధికారి సర్క్యులర్ బుక్కులో ఆ పేజీ చూసి, "ప్రధానోపాధ్యాయుడు తన పొరపాట్లను రికార్డు చేయుట పరిపాలనకు తగదు" అని ఎర్ర ఇంకుతో రాసిపోయాడు. చూశానని కింద సంతకం పెట్టాను.

అవన్నీ తర్వాతి సంగతులు. మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు స్కూటరు స్టేషన్ దగ్గర పెట్టి, రైలు దిగిన మేడంతో కలిసి గొర్రెల దొడ్ల దోవన నడిచాను. ఎర్రమట్టి, మంచుకు తడిసి చెప్పులకు పట్టుకుంటోంది. దొడ్డి ముందు ఆ తల్లి, తండ్రి, అమ్మాయి ముగ్గురూ శెనక్కాయ చెట్ల కుప్ప చుట్టూ కూర్చొని కాయలు వొలుస్తున్నారు. మేడం నాకు రెండడుగుల వెనక ఆగిపోయింది. ఆమె నోరు తెరవదని నాకు అర్థమైంది. తండ్రి తలెత్తి చూశాడు. గొంతు సవరించుకున్నాను, మళ్ళీ సవరించుకున్నాను.

"పాపను బడికి పంపన్నా. ఈ నాలుగు నెలలు పంపు. అడగడానికే వచ్చాను" అన్నాను.

ఆయన పెళ్ళాం వైపు చూశాడు. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మొన్న నేను అంత దూరం వస్తే ఒక్క మాట పలకలేదే సారూ! నీకు మాటలొచ్చునా?" అంది.

వెనక మేడం ఫక్కున నవ్వింది. ఆ అమ్మాయి ఒళ్ళోని కాయలు దులుపుకొని లేచి, పుస్తకాల సంచి కోసం లోపలికి పరుగెత్తింది.